ఆకుపచ్చ చీరలో ఒంటరితనం

సోమవారం ఉదయం నుంచి సువర్చల ఒంటరితనంగా ఉండాలని చిత్రార్థాల కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన ఆ కాగితాన్ని సంతకం పెట్టి తీసుకున్నది ఆమె భర్త పాండురంగారావే. 

సువర్చల కాకినాడలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మార్చిలో ఓ పెళ్లికి వెళ్తూ ఆకుపచ్చ పట్టుచీర, చేతుల్లేని జాకెట్టు, నల్లకళ్లద్దాలతో బస్టాపు దగ్గర నిలబడింది. చిత్రకారుడు గంధం కామేశం అటుగా పోతూ చూశాడు. షుగరు పరీక్షకు ఆ ల్యాబుకే వెళ్తాడు కనుక ఆమెను గుర్తుపట్టాడు. స్టైలుగా ఉండే ఆడవాళ్లను గీయడంలో ఆయనకు పేరు. ఇంటికెళ్లి బొమ్మ వేశాడు.

ప్రదర్శనలో పెట్టాలంటే, బొమ్మలకు అర్థాలు ఖరారు చేసే చిత్రార్థాల కార్యాలయంలో దరఖాస్తు నింపాలి. స్ఫూర్తి ఎవరన్నచోట సువర్చల పేరు రాశాడు. ప్రతీక ఏమిటన్నచోట, ఆకుపచ్చ రంగు బాగుందని వేశాను, అని రాశాడు పాపం. అది అర్థం కిందికి రాదని అక్కడి గుమాస్తా కొట్టేసి, అర్థాల పట్టిక చూసి, ఒంటరితనం అని నింపాడు. అర్థం ఖరారయ్యాక బొమ్మలోని మనిషి వేరేలా బతికితే బొమ్మ అబద్ధమైపోతుంది. అబద్ధాన్ని గోడకు తగిలించడానికి ప్రభుత్వం ఒప్పుకోదు కదా.

నోటీసు ప్రకారం భర్త, పదకొండేళ్ల కూతురు మేదిని ఆదివారంలోగా ఇల్లు ఖాళీ చేయాలి. ఉద్యోగం చేసుకోవచ్చు గానీ టీ మాత్రం నలుగురితో కలిసి తాగకూడదు. కూతురి పేరు చూడగానే సువర్చల లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కి కార్యాలయానికి పరిగెత్తింది.

అధికారి సూర్యచంద్రం మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

"ఆవేళ నేను ఒంటరిగా లేనండీ. మా ఆయన బండి తేడానికెళ్లారు. పాప ఆయనతోనే ఉందండీ."

"వాళ్లిద్దరూ బొమ్మలో లేరు కదమ్మా."

పోనీ భర్తను పక్కన గీయిస్తానంది. గీయించుకోవచ్చట. కానీ ముస్తాబైన ఆడమనిషి పక్కన మగవాడుంటే పట్టికలో బంధనం అని ఉంది, అప్పుడు తలుపుకు బయట గడియ పెట్టిస్తారు. పిల్ల ఉంటే త్యాగం, ఉద్యోగం మానేయాలి. నవ్వితే దాచుకున్న దుఃఖం. అదే బస్టాపులో మగవాడు నిలబడితే ఏమవుతుందని సువర్చల అడిగింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సూర్యచంద్రం చాలా పేజీలు తిప్పాడు.

"బస్సు కోసం నిలబడ్డాడని ఉందమ్మా."

ఆదివారం మేదిని తల్లి నడుం వదలనంది. పాండురంగారావు పాప వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకెళ్లాడు. వీధంతా నిర్ఘాంతపోయి చూసింది. కాగితం మీద ముద్ర ఉంది కనుక ఎవరూ అడ్డుపడలేదు.

వాళ్లు వెళ్లిన మూడో నెలలో బొమ్మకు బహుమతి వచ్చింది. ఆమెలోని ఒంటరితనాన్ని తొలిచూపులోనే పట్టుకున్నానని కామేశం పేపరువాళ్లకు చెప్పాడు. ఆ మాట ఆయన నిజంగానే నమ్మాడు.

తనిఖీకి వచ్చిన సూర్యచంద్రం, ఖాళీ ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్న సువర్చలను చూసి సంతృప్తిగా రాసుకున్నాడు.

"సరిగ్గానే ఉంటన్నానా అండీ?" అని అడిగింది ఆమె.

"చాలా సహజంగా ఉందమ్మా."

సువర్చల తలూపింది. ఆయన వెళ్లాక భర్తకు ఉత్తరం రాసింది. పాప ఎదుగుతోంది, బయటికి పంపేటప్పుడు స్కూలు యూనిఫాం తప్ప ఇంకేమీ వెయ్యొద్దని, బస్టాపుల్లో అసలు నిలబడనివ్వొద్దని రాసింది.