ఎనిమిది కోర్లపై స్పీడమ్మ దండయాత్ర

భోజనానంతర నిద్రాభారముచే సమస్త విశ్వవిద్యాలయమూ తూగుచున్న వేళ, ఏసీ కింద పెట్టిన బకెట్టులో నీటిచుక్కలు రణభేరివలె టపటప మోగుచున్న మూడో అంతస్తు ప్రయోగశాలయందు, అష్టకోర విరాజితమైన కంప్యూటరు ఎదుట, పరిశోధక కులతిలక, సహస్రదోష సంహారిణి, తోటివారిచే స్పీడమ్మ అని ముద్దుగా పిలువబడు వీరవనిత కూర్చుండి గోళ్ళు కొరుకుకొనుచుండెను.

కొరుకుటకు కారణము కలదు. విమానంలోంచి తీసిన ఫొటోలలో చెట్లను లెక్కించు ఆమె ప్రోగ్రాము, ప్రాసెసరులో లెక్కలు చేయు పనివాడగు కోరు ఒక్కటే ఒంటరిగా శ్రమించినపుడు నలభై సెకన్లలో ముగియగా, ఎనిమిది కోర్లూ ఏకకాలమున విజృంభించినపుడు నలభై మూడు పట్టెను! ఒంటెద్దు బండి వెనుక ఎనిమిది ఏనుగులు రొప్పుచున్నవి. సాయంత్రము గైడ్ మేడమ్ వచ్చుసరికి ఎనిమిది ముందుకు, ఒకటి వెనుకకు రాకపోయినచో, రెండేళ్ళు కష్టపడి ఈ వేగముపై వ్రాసిన అధ్యాయము థీసిస్ నుండి ఎగిరిపోవును. పాపము, ఆమెకు నిజముగానే భయము వేసెను.

అంతట కుతంత్రవిద్యాపారంగతుడైన సీనియరు, చక్రాల కుర్చీ అను రథమును కాళ్ళతో తోసుకొనుచు వచ్చి, ఇట్లుపదేశించెను.

"ఎందుకమ్మాయ్ అంత బెంగ? మనవాళ్ళని పరిగెత్తించడం కష్టం గానీ, అవతలివాడి కాళ్ళు కట్టేయడం తేలికే కదా! ఆ ఒక్క కోరు ప్రోగ్రాంని, వేగం పెంచే ఆప్టిమైజేషన్ తీసేసి కంపైల్ చెయ్. కాళ్ళీడుస్తూ నడుస్తుంది. నీ ఎనిమిదీ అయిదు రెట్లు ముందున్నట్టు కనిపిస్తాయి."

అయిదు రెట్లు! ఆ అంకెకు స్పీడమ్మ నోరూరెను. వేళ్ళు కీబోర్డు దాకా పోయెను. మరుక్షణమే ఆమె కుర్చీ వెనుకకు పడునట్లు లేచి, పిడికిలి బిగించి, దిక్కులు మారుమ్రోగ పలికెను.

"వద్దన్నా! కాళ్ళు కట్టేసినవాడితో పందెం వేసి గెలిచానని ఊరంతా చాటుకోనా? రేపెవరైనా 'నిజంగానా?' అని అడిగితే మొహం ఎక్కడ పెట్టుకోను? ఓడితే ఓడతా గానీ, అంకెకి అబద్ధం నేర్పను!"

"నీ ఇష్టం తల్లీ" అని రథము వెనుదిరిగెను.

పిదప ఆమె ప్రోగ్రామరణ్యమున దూరి, పంక్తి పంక్తినీ గాలించి, శత్రువును కనుగొనెను. ఒక్క చెట్టు కనబడగానే ప్రతి కోరూ పని వదలి, అందరికీ ఉమ్మడియైన ఒకే మొత్తములో ఒకటి కలుపుటకై ఉరికి, అచట తన వంతుకై నిలుచుచున్నది. ఒక్క కుళాయి, ఎనిమిది బిందెలు!

"నా తెలివి తెల్లారినట్టే ఉంది" అని నుదురు కొట్టుకొని, ఎవరి లెక్క వారే ఉంచుకొని చివర ఒక్కసారే అప్పజెప్పవలెనని ఆమె కోర్లను శాసించెను.

ఇక కొలత. ఆ కంప్యూటరు అందరిదీ గనుక, ఎవరు కొలిచినను కేక వేయవలెననియు, విన్నవారెల్లరు కీబోర్డులు వదలి చేతులెత్తవలెననియు ఆ ప్రయోగశాల ధర్మము. లేనిచో వారి పనులును కోర్లను లాగుకొనును.

"కొలుస్తున్నా!"

ఆ సింహనాదమునకు సర్వజనులును చేతులెత్తిరి. అప్పుడే తలుపు తీసిన గైడ్ మేడమ్ సైతము, ఒక చేత టీకప్పు, మరొక చేత గొడుగు ఎత్తి, గుమ్మములోనే నిలిచిపోయిరి.

ముప్పై ఎనిమిది సెకన్లు! మరల కొలిచెను. మరల అదే.

"ఇంతేనా?" అని సీనియరు చేతులు దింపకయే అడిగెను.

"ఫొటోలు డిస్కులోంచి ఒక్కొక్కటే చదవాలి కదన్నా. కాలమంతా దాదాపు అక్కడే పోతోంది. అక్కడ ఎనిమిది మందున్నా ఒకటే."

మేడమ్ టీ గుటక వేసి, తెరను రెండుసార్లు చూచి, నవ్విరి.

"ఎనిమిది రెట్లని చెప్పుంటే అనుమానించేదాన్ని. ఇది నమ్ముతా. ఎందుకు ఇంతేనో కూడా రాసి, అధ్యాయం ఉంచెయ్. ఇంతకీ మిగిల్చిన రెండు సెకన్లూ ఏం చేసుకుంటావమ్మా?"

"ఊరికే కూర్చుంటా మేడమ్."

వినుడు, లోకులారా! అష్టకోర సేనాధీశ్వరి స్పీడమ్మ, కాలదుర్గమును బద్దలుకొట్టి, రెండు సెకన్లను చెరబట్టి, కుర్చీలో జేరబడి, కన్నులు మూసికొని, ఆ రెండింటినీ నిజాయితీగా, సంపూర్ణముగా ఖర్చుపెట్టెను.