శుభం ప్రవేశించుట

"అత్తింటి తాళంచెవి" సీరియల్ నిన్నటితో సుఖాంతమైందనీ, రేపటి నుంచి యథాప్రకారం అదే వేళకు ప్రసారమవుతుందనీ ఛానల్ వారు ప్రేక్షక మహాశయులకు సవినయంగా తెలియజేశారు. ఆ ప్రకటనలో ఎవరికీ ఏ తప్పూ కనిపించలేదు. ఒక్క రచయితగారికి మాత్రం నోట్లో పెట్టుకున్న ముద్ద గొంతు దిగలేదు. ఎందుకంటే ఆ సీరియల్‌ని చేజేతులా ముగించి, ఉద్యోగానికి ఓ నమస్కారం పెట్టి ఇంటికొచ్చి కూర్చున్నది ఆయనే.

ముగించడానికి ఆయనకు గట్టి కారణమే ఉంది. భార్యకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. అద్దంలో తన ముఖం తను చూసుకుని ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. గోడకు తగిలించిన కోటును ఎవరో చుట్టమనుకుని, నిలబడే ఉన్నారేం కూర్చోండంటూ మర్యాద చేస్తోంది. కంటి డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు. ఒక కంటికే చేస్తే ఇలాంటి సీరియల్ పిచ్చివాళ్ళు రెండో కంటితో టీవీ చూస్తారని ఆయనకు అనుభవం మీద తెలుసు. అందుకని రెండింటికీ ఒకేసారి చేసి, వారం రోజులు కట్టు కడతానన్నాడు.

ఆవిడ కాదనలేదు. భర్త కేసి చూస్తున్నాననుకుని తలుపు కేసి చూస్తూ, "సీరియల్ అయిపోనివ్వండి, చేయించుకుంటాను" అంది.

కథ ముగించడం పెద్ద పనేమీ కాదు. నిజానికి అది ముగిసి చాలా ఏళ్ళయింది, ఎవరూ బయటపడలేదంతే. కథంతా బీరువా తాళంచెవి అత్త దగ్గరుండాలా కోడలి దగ్గరుండాలా అన్నదే. మొదట్లో కోడలిగా చేసిన అమ్మాయి ఇప్పుడు అత్తగా చేస్తోంది. అప్పటి అత్త ప్రస్తుతం గోడ మీద ఫొటోగా చేస్తోంది. రచయితగారు అత్త చేత కోడలి చేతిలో తాళంచెవి పెట్టించాడు. ఇద్దరూ కౌగిలించుకున్నారు. పాతకాలపు మనిషి కాబట్టి, అలవాటు కొద్దీ కాగితం అడుగున "శుభం" అని రాసి, ఇచ్చేసి వచ్చాడు.

ఛానల్ సమావేశం గదిలో ఆ కాగితం చేతులు మారింది. కౌగిలింత దాకా అందరికీ అర్థమైంది, దాని కింద మాట దగ్గరే ఆగిపోయారు. పాపం, వాళ్ళను తప్పుపట్టకూడదు. ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ బుద్ధి తెలిశాక ఒక సీరియల్ అయిపోవడం చూసినవాళ్ళు కారు. చివరికి ఛానల్ అధినేత కళ్ళజోడు సవరించుకుని లేచాడు.

"మన రచయితగారు మహానుభావులు. వెళ్తూ వెళ్తూ కూడా మనకు అన్యాయం చెయ్యలేదు. సరిగ్గా కథ అయిపోయిందనుకునే చోట, శుభం అనే కొత్త పాత్రను లోపలికి పంపించి మరీ వెళ్ళారు. ఎవరీ శుభం? ఎక్కణ్ణుంచి వచ్చాడు? తాళంచెవికీ అతనికీ ఏమిటి సంబంధం? ఇవేవీ ఆయన రాయలేదు. రాయకపోవడంలోనే ఆయన ప్రతిభంతా ఉంది."

అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రానికల్లా పళ్ళపొడి ప్రకటనలో నవ్వే కుర్రాణ్ణి పట్టుకొచ్చి శుభం చేశారు.

సోమవారం నాటి భాగంలో అత్తాకోడళ్ళు కౌగిలించుకున్నవాళ్ళు కౌగిలించుకున్నట్టే ఉండగా, వీధి తలుపు తెరుచుకుని బూట్లు కనిపించాయి. బూట్లతో సోమవారం గడిచింది. మంగళవారం మోకాళ్ళ దాకా వచ్చాడు. బుధ, గురువారాల్లో గాలికి కిటికీలు కొట్టుకున్నాయి. శుక్రవారానికి ముఖం కనపడింది. ఆ ముఖం అత్తను మూడు వైపుల నుంచి చూసి, "నా పేరు శుభం. ఆ తాళంచెవి నకిలీది" అంది.

"ఏవండీ, శుభం వచ్చాడు" అంది భార్య, ముక్కు టీవీకి ఆనించి. "ఇంట్లో ఉండి ఒక్క ముక్కైనా చెప్పలేదు మీరు."

"శుభం అంటే అయిపోయిందని. వాడొక మనిషి కాదే. పద, ఆసుపత్రికెళ్దాం."

"బాగుంది. ఇప్పుడే వచ్చినవాణ్ణి అయిపోయాడంటారేంటి? ఎవరి కొడుకో తేలనివ్వండి ముందు."

రచయితగారు ఉన్నపళంగా ఛానల్‌కి పరిగెత్తాడు. అక్కడ ఆయనకు కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. "అయ్యా, శుభం అంటే పాత్ర కాదు. శుభం అంటే సమాప్తం" అని ఆయన గొంతు చించుకుని చెప్పాడు. అధినేత లేచి వచ్చి ఆయన్ను గుండెలకు హత్తుకున్నాడు. అధినేతకు కళ్ళు చెమర్చాయి కూడా. "ఈ ముక్క మాకు తట్టనే లేదు గురువుగారూ" అన్నాడు.

మరుసటి వారం శుభం అక్కగారు సమాప్త దిగింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా పళ్ళు నూరుతూ ఉండేది. వచ్చీ రాగానే ఇంటిల్లిపాదికీ విషం కలిపిన కాఫీ ఇచ్చింది. అందరూ తాగారు గానీ, ఆ నెలలో జీతం పెంచమని అడిగినవాళ్ళు మాత్రమే చనిపోయారు.

ఈలోగా ఇంట్లో సంగతి ముదిరింది. ఓ పొద్దున భార్య కాఫీని కప్పులో పొయ్యబోయి ఆయన ఒళ్ళో పోసింది. ఇంకోనాడు సమాప్త దుర్మార్గం గురించి కోటుతో చాలాసేపు మొరపెట్టుకుని, "ఈ మధ్య మీరు ఊఁ కొట్టడం కూడా మానేశారు" అని అలిగింది. ఆ సాయంత్రమే మెట్లు దిగుతూ, లేని మెట్టు మీద కాలు పెట్టింది. ఆయన వెనకే ఉన్నాడు కాబట్టి చెయ్యి అందింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆయనకు నిజంగా భయం వేసింది. ఇన్నేళ్ళూ తను రాసిందంతా ఈవిడ కళ్ళు మింగడానికే రాసినట్టయిందే అని ఏడుపొచ్చింది.

"ఏం కాలేదు, వదలండి. టైమవుతోంది" అంది ఆవిడ.

అప్పుడు తెలిసొచ్చింది ఆయనకు, ముగింపుతో పని జరగదని. మర్నాడే ఛానల్‌కి వెళ్ళి మళ్ళీ రాస్తానన్నాడు. ఇకమీదట దేన్నీ ముగించనని ఆయన చేత ప్రమాణం చేయించుకున్నారు.

"సమాప్త విసిరిన సబ్బు నీళ్ళు అత్త కళ్ళలో పడతాయి" అని మొదలుపెట్టాడు రచయితగారు. "ఆపరేషన్ చేసి వారం రోజులు కట్టు కడతారు. ఆ వారమంతా కథను అత్త కళ్ళతోనే చూపిద్దాం."

"అంటే?"

"తెర నల్లగా ఉంటుంది. మాటలు మాత్రం వినిపిస్తాయి."

లైట్లు వేసేవాడూ, రంగులు పూసేవాడూ తమ కొలువు ఊడిందని గ్రహించి తలలు వంచుకున్నారు. అధినేత మాత్రం మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ మనం ప్రేక్షకుల కళ్ళకు పని చెప్పాం. ఆ కళ్ళకు ఒక్కనాడైనా విశ్రాంతి ఇచ్చామా? ఇది సీరియల్ కాదు, సేవ."

ఆ వార్త తెలిసిన భార్య, "వారం రోజులు చూడ్డానికేం ఉండదట కదండీ. అయితే ఈ వారమే కానిచ్చేద్దాం" అంది. రచయితగారు పక్క గదిలోకి వెళ్ళి కోటు భుజం మీద తల ఆనించి కాసేపు సంతోషంగా ఏడ్చాడు.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. ఆసుపత్రి వార్డులో కళ్ళకు కట్టున్నవాళ్ళూ, లేనివాళ్ళూ కలిసి ఏ తేడా లేకుండా సీరియల్ చూశారు. "అత్తకీ నాకూ ఒకేసారి, చూశారా" అని మురిసిపోయింది ఆవిడ. ఊళ్ళో ఒకాయన టీవీ పాడైందని మెకానిక్‌ను పిలిపించాడు. మెకానిక్ వచ్చి పరిశీలనగా చూసి, ఇది పాడవడం కాదు సార్, సీరియల్ అని చెప్పి, అక్కడే కూర్చుని చివరిదాకా చూసి వెళ్ళాడు.

ఆ సీరియల్‌కి పుట్టి బుద్ధెరిగి అంత ఆదరణ రాలేదు. దాంతో ఛానల్ వారు మరో ప్రకటన చేశారు: "ప్రేక్షకుల కోరిక మేరకు అత్తగారి కంటికట్టు నిరవధికంగా పొడిగించడమైనది." తక్కిన ఛానళ్ళు కూడా హడావిడిగా తమ తెరలు నల్లబరిచాయి. వార్తలవాళ్ళు మాత్రం, జనాన్ని చీకట్లో ఉంచే పద్ధతి మొదట కనిపెట్టింది మేమేనని నొచ్చుకున్నారు.

ఇక్కడ రచయితగారి భార్యకు గడువు ప్రకారం కట్టు విప్పారు. ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి ఆవిడ కలయజూసింది. "ఈ కోటు ఎప్పటిదండీ, ఇలా మాసిపోయింది?" అంది. తర్వాత భర్త కేసి సరిగ్గా ఆయన కేసే చూసి, దగ్గరికొచ్చి చెంప మీద చెయ్యి వేసింది. "మీ జుట్టంతా ఎప్పుడు తెల్లబడింది?" అని మెల్లగా అడిగింది. ఇంత కాలం ఇంత పాటూ ఈ ఒక్క చూపు కోసమే కదా అనుకున్నాడు. చెప్పవలసినవన్నీ ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆయన ఆలోచిస్తూండగా గడియారం కొట్టింది. ఆవిడ చెంప మీది చెయ్యి తీసి టీవీ పెట్టింది.

తెర కాటుకలా ఉంది. లోపలెక్కడో శుభం, సమాప్త తాళంచెవి కోసం కొట్టుకుంటున్నారు. ఆవిడ సోఫాలో సర్దుకుని కూర్చుని, కొత్త కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఆయన పక్కనే కూర్చున్నాడు. చాలాసేపు చూసి ఆవిడ ముందుకు వంగింది.

"ఏవండీ, ఎవరీ ముసలావిడ? కొత్త పాత్రా?"

ఆయన కూడా ముందుకు వంగి చూశాడు. టీవీ నల్లటి అద్దంలో ఒక సోఫా, దాని మీద ఇద్దరు మనుషులు కనిపిస్తున్నారు.

"పక్కన ముసలాయన కూడా ఉన్నాడు" అంది ఆవిడ గొంతు తగ్గించి. "ఇద్దరికీ మాటల్లేవు. ఎన్నో ఏళ్ళుగా అలాగే కూర్చుని ఉన్నట్టున్నారు పాపం. మీరే రాశారా ఇది?"

"ఊఁ" అన్నాడు ఆయన.

"ముసలాయన ఎంత సహజంగా చేస్తున్నాడో. ఆవిడకేదో చెప్పాలనుంది, చెప్పలేకపోతున్నాడు. కాస్త పక్కకి జరగండి, సరిగ్గా కనిపించట్లేదు."

ఆయన లేచి పక్కకి జరిగాడు.

"అయ్యో" అంది ఆవిడ. కొత్త కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "బాగా చేస్తున్నాడనుకుంటూండగానే తీసేశారండీ ఆయన్ని."