నీడ గిట్టని పూలు

ఈ లోకంలో బతకడం తెలిసింది ఒక్క గడ్డి గులాబీకే. నీళ్ళు అడగదు, ఎరువు అడగదు. నడినెత్తిన ఎండ నిప్పులు చెరుగుతుంటే మొహం విప్పార్చుకుని నవ్వుతుంది. మనుషులు ఇలా ఎందుకు పుట్టరో నాకు తెలియదు!

దీనికి చుట్టాలు కూడా ఉన్నాయి. బంతి, జీనియా, కోడిజుట్టు. ఒక్క సీజను విరగబూసి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోతాయి. ఇలాంటివాటిని 'లో మెయింటెనెన్స్' అంటారని మా తమ్ముడు చెప్పాడు. నేను చదివిన బడిలో ఆ మాట లేదు. అడక్కుండా మొలిచి, నీళ్ళు పొయ్యకుండా పెరిగేదాన్ని మేము కలుపు అని పీకి గట్టుమీద పడేసేవాళ్ళం. ఎంత మూర్ఖత్వం!

మా తమ్ముడు వాళ్ళ అపార్టుమెంటుకి సెక్రటరీ. పొలం కౌలుకిచ్చి వాడి పంచన చేరాక చూశాను, అక్కడివాళ్ళకి మొక్కలంటే ఎంత ప్రాణమో. గేటు పక్కన గోడ పొడవునా ఈ పూలమొక్కల కుండీలే పెట్టారు. ఒక్కో కుండీ మీద దాత పేరు, ఫ్లాటు నంబరు. మొక్క కన్నా అక్షరాలే ఏపుగా ఉండేవి.

కానీ ఒక్క పువ్వు పూస్తే ఒట్టు. గోడ పక్కనే ముసలి బాదం చెట్టు ఉంది. గొడుగు పట్టినట్టు కుండీలన్నిటి మీదా దాని నీడే. ఆ నీడలోనే మిషనమ్మ కూర్చునేది. చిరిగినవి కుట్టి, జిప్పులు మార్చి, ప్యాంట్లు పొట్టి చేసి బతికే మనిషి. ఇన్నేళ్ళుగా ఆమె పేరేమిటని అడిగినవాళ్ళు లేరు. మిషను ఉంది, మిషనమ్మ అయింది.

నర్సరీ అతన్ని పిలిపించారు. "ఇవి ఎండ మొక్కలు సార్. నీడలో పెడితే పూయవు" అని చెప్పి వెళ్ళాడు.

కుండీలు అవతలికి జరిపితే సరిపోయేదిగా అంటారా? మీకు మొక్కల మీద ప్రేమ లేదన్నమాట. జరిపితే గేట్లోకి వచ్చేవాళ్ళకి దాతల పేర్లు కనిపించవు. కనక మీటింగు పెట్టారు. కుండీలు జరపకూడదు, చెట్టు జరగలేదు. చెట్టు కొట్టేద్దామని చేతులెత్తారు.

ఇంట్లో మా మరదలు మాత్రం పేచీ పెట్టింది. "ఆ మిషనమ్మ ఎక్కడ కూర్చుంటుంది మరి?"

"ఎక్కడో ఒకచోట కూర్చుంటుందిలే. వాళ్ళకి ఎండ అలవాటేగా" అన్నాడు తమ్ముడు.

"అలాగే. రేపు మీ చొక్కా గుండీ ఊడితే ఆ కోడిజుట్టు పువ్వు చేత కుట్టించుకోండి."

చూశారా, ఆడవాళ్ళకి తోటపని మీద శ్రద్ధ ఉండదు.

చెట్టు కొట్టేశారు. పూలు పూశాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, కళ్ళు చెదిరేలా పూశాయి. ఎర్రనివి, పసుపువి, గులాబీ రంగువి. వాటి పక్కన నిలబడి అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఎండకి తాళలేక చటుక్కున తీసుకుని లోపలికి పరిగెత్తారు.

మిషనమ్మ గొడుగొకటి తెచ్చి మిషనుకి కట్టుకుంది. పొద్దెక్కేసరికి మిషను చక్రం పెనంలా కాలేది. దానికి తడిగుడ్డ చుట్టుకుని తిప్పేది. గుడ్డ ఆరితే మళ్ళీ తడిపేది. చెమట పడితే మరక అవుతుందని, కుట్టే బట్టకి దూరంగా మెడ వెనక్కి లాక్కుని కూర్చునేది.

"ఎట్లా ఉందమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"పూలు బాగున్నాయన్నా" అంది.

తర్వాత కొద్దిరోజులకి రావడం మానేసింది. లో మెయింటెనెన్స్ మనిషి కాదని తేలిపోయింది. పువ్వుకున్న ఓర్పు మనిషికి లేకపోతే పువ్వు తప్పా?

ఇక కార్లవాళ్ళు మొదలుపెట్టారు. స్టీరింగు పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతున్నాయట. కింద ఫ్లాట్లవాళ్ళు ఏసీ వేసినా గోడలు సెగలు కక్కుతున్నాయన్నారు. మళ్ళీ మీటింగు. తలా కాస్త వేసుకుని ముందుభాగమంతా ఆకుపచ్చ నెట్ కట్టించారు. చల్లబడింది. నీడ ఎంత హాయో అని ఒకరికొకరు చెప్పుకున్నారు, అప్పుడే కనిపెట్టినట్టు.

పూలు ఆగిపోయాయి.

నర్సరీ అతను మళ్ళీ వచ్చాడు. నెట్‌కేసి చూశాడు, చెట్టు మోడుకేసి చూశాడు. "ఇవి ఎండ మొక్కలు సార్" అన్నాడు.

ఇప్పుడు అసోసియేషన్ ప్లాస్టిక్ పూలు తెప్పిస్తోంది. వాటికి ఎండా అక్కర్లేదు, నీడా అక్కర్లేదు. వారానికోసారి తుడిస్తే చాలు. దాతల పేర్లు ఈసారి బంగారు రంగులో రాయిస్తారట. మానవజాతి పురోగతి అంటే ఇదే కదా!

మొన్న మా మరదలు జిప్పు పోయిన సంచీ చేతికిచ్చి, "బావగారూ, మిషనమ్మ ఎక్కడుందో కాస్త కనుక్కోండి" అంది. వెతగ్గా వెతగ్గా రెండు వీధుల అవతల కనిపించింది. నెత్తిన గొడుగు లేదు, చక్రానికి తడిగుడ్డ లేదు. ఒక పెద్ద చెట్టు కింద ఆడుతూ పాడుతూ కుట్టుకుంటోంది. నేనూ కాసేపు ఆ నీడలో కూర్చున్నాను.

జిప్పు వేసి, దారం కొరికి, సంచీ నా చేతికిస్తూ గొంతు తగ్గించి అంది.

"అన్నా, ఈ వీధివాళ్ళకి ఆ పూల సంగతి చెప్పకేం."

పూల పక్షాన ఇంత వాదించినవాణ్ణి, ఆ వీధి పేరు ఇందులో ఎక్కడా రాయకపోవడానికి కారణం అదొక్కటే.