ఐలవ్వ గోడ, దేవుడిచ్చిన షాటు

సినిమాలకు కథలు రాసేవాళ్లందరినీ రేపటి నుంచి ఇంటికి పంపించేయాలి! తెలుగు సినిమాను ఇన్నేళ్లూ చెడగొట్టింది ఆ రాతే. ఎవరూ రాయకుండా, ఎవరూ అనుకోకుండా, కెమెరా ముందు దానంతటది జరిగిపోయేదే అసలైన కళ. నమ్మరా? అయితే ఐలవ్వ సంగతి వినండి.

గోదావరిఖని పక్కన, ఓపెన్‌కాస్టు గని అంచున ఒక ఊరుంది. ఊరంటే సగం ఊరే. మిగతా సగం బొగ్గు కోసం గనిలో కలిసిపోయింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగుతుంది. జనం ఇళ్లలోంచి బయటికొచ్చి నిలబడతారు, అవతల బ్లాస్టింగ్ అవుతుంది, రాలిన పెంకులు ఏరుకుని మళ్లీ లోపలికి పోతారు. ఇంత యాక్షన్ ఉచితంగా ఏ స్టూడియోలో దొరుకుతుంది చెప్పండి?

అరవై దాటిన ఐలవ్వ ఆ ఊళ్లో ఒంటరిగా ఉంటోంది. ఊరు ఖాళీ చేయించి వేరేచోట జాగలు ఇస్తామని సర్వేవాళ్లు వచ్చిన రోజున ఆవిడ, కూతురు సంతోషికి రెండో కాన్పని, ఇంటికి తాళమేసి కాసిపేట పోయింది. వాళ్లు తాళం చూసి, ఇక్కడ ఎవరూ ఉండరని తేల్చేసి పక్కింటికి నడిచారు. ఆవిడ తిరిగొచ్చేసరికి లిస్టులో ఇల్లు లేదు. ఇల్లే లేనిదానికి జాగ ఎక్కడిది?

రెండేళ్లుగా ఆవిడ ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. మళ్లీ సర్వే వస్తుంది, అప్పుడు చెప్పుకోమన్నారు. పాపం, ఆవిడ ప్రాణమంతా దాని మీదే పెట్టుకుంది. సర్వేవాళ్ల గుర్తు మూడు కాళ్ల స్టాండు. దాని మీద అద్దం పెట్టి ఎవరి ఇంటివైపు చూస్తే ఆ ఇల్లు లిస్టులోకి ఎక్కుతుందని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఒకనాడు స్టాండు రానే వచ్చింది!

కాకపోతే దాని మీద ఉన్నది సినిమా కెమెరా. దాని వెనకాల ఉన్నది హైదరాబాద్ నుంచి దిగిన దర్శకుడు చక్రపాణి. హీరో బైకు మీద ఆ సందులోంచి దూసుకురావాలి, అంతే సీను. ఐలవ్వకు హీరో కనపడలేదు, బైకు కనపడలేదు. మూడు కాళ్లే కనపడ్డాయి. సైరన్ మోగుతున్నా లెక్కచేయకుండా, పిండి చేతులతోనే ఉరికొచ్చి కెమెరా ముందు నిలబడింది.

"సారూ, నాది సుత రాసుకోండ్రి. బిడ్డ కాన్పుకు తాళమేసి పోయిన గానీ, ఇల్లిడిసి పోలే. ఇగో, ఈ గోడ సూడుండ్రి."

పగిలిన గోడలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి చూపించింది. సరిగ్గా అప్పుడే భూమి అదిరింది. పైనుంచి నాలుగు పెంకులు జారి ఆవిడ భుజం మీద పడ్డాయి. హీరో బెదిరి, బైకుతో సహా మురుగు మోరీలో పడ్డాడు. ఐలవ్వ మాత్రం చెయ్యి తీయలేదు. రాసుకోండ్రి సారూ, రాసుకోండ్రి అంటూనే ఉంది.

చక్రపాణి కట్ చెప్పలేదు. కళాకారుడంటే అలా ఉండాలి! ముసలామె మీద పెంకులు పడుతుంటే మామూలు మనిషైతే ఆపేసి పరిగెత్తేవాడు.

"అంతా వచ్చేసింది మామ్మగారూ, మీరు నిశ్చింతగా వెళ్లండి" అన్నాడు.

ఆ రాత్రి ఐలవ్వ కడుపునిండా తిన్నది. రెండేళ్ల తర్వాత.

సినిమా విడుదలైంది. పోయిన పాటలు పోయాయి, పోయిన ఫైట్లు పోయాయి, ఐలవ్వ గోడ మాత్రం హిట్టు. ఆవిడ చెయ్యి గోడలోకి పోయినప్పుడల్లా కుయ్‌మని ఒక మ్యూజిక్కు. జ్యోతినగర్ కాలేజీ పిల్లల సెల్‌ఫోన్లలో "రాసుకోండ్రి సారూ" రింగుటోను. బసంత్‌నగర్ సిమెంటు లారీల వెనక అదే రాత. చక్రపాణి టీవీలో కూర్చుని, అది స్క్రిప్టులో లేదండీ, దేవుడిచ్చిన షాటు అని కళ్లు తుడుచుకున్నాడు. దేవుడు ఎవరికి ఏది ఇవ్వాలో అదే ఇస్తాడు మరి. ఒకరికి షాటు, ఒకరికి పెంకులు.

పక్కింటి కిషన్ గనిలో ఫస్టు షిఫ్టు చేసొచ్చి ఐలవ్వను సాయంత్రం ఆటకు తీసుకుపోయాడు. హాలంతా పగలబడి నవ్వింది. మొదట ఆవిడకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత తెర మీద గోడను చూసింది. పగులు ఎంత స్పష్టంగా ఉందని!

"కిషనూ, ఇంతమంది సూసిండ్రు. ఇగ ఇల్లు లేదని ఎవడంటడు?" అంది.

ముసలిదైనా బుర్ర పాదరసం. మర్నాడే సినిమా సీడీ కొంగున కట్టుకుని, కిషన్‌ను వెంటేసుకుని ఆఫీసుకు పోయింది. ఆఫీసరు సీడీని కంప్యూటర్లో వేశాడు. గుమాస్తాలు, ప్యూన్లు అందరూ చుట్టూ చేరారు. రెండుసార్లు వేసుకుని చూశారు. ఆవిడకు కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. ఆ ఆఫీసులో ఐలవ్వ కూర్చోవడం అదే మొదటిసారి.

"మస్తు చేసినవ్ అవ్వా. ఎన్ని రోజులు నేర్పిండ్రు?" అన్నాడు ఆఫీసరు.

"ఎవలు నేర్పలే సారూ. అది నా ఇల్లే."

ఆఫీసరు నవ్వి, ఆవిడ దరఖాస్తు తీసి, పెన్ను మూత తీసి, నిజంగానే రాసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఐలవ్వ రెండు చేతులూ జోడించింది. బయటికొచ్చాక కిషన్ ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకోబోయాడు. ఆవిడ ఊరుకుంటుందా?

"సెప్పు బిడ్డా, ఏం రాసిండు?"

"దరఖాస్తుదారు సినిమా నటి. ఇల్లు షూటింగు కోసం వేసిన సెట్టింగు. అంతే రాసిండు, అవ్వా."

ఐలవ్వ ఆ కాగితం లాక్కుని కొంగున కట్టుకుంది.

"సెట్టింగయితే షూటింగు అయినంక వాళ్లే ఇప్పుకపోవాలె గదా. ఎన్నడొస్తరో అడుగు" అంది.

ఇంత రాసింది అందుకే. దర్శకుడు చక్రపాణి గారు ఇది చదివితే, వీలు చూసుకుని వచ్చి తమ సెట్టింగు తాము తీసుకుపోవాలని మనవి. మధ్యాహ్నం రెండుకు ముందే రండి. విప్పే ముందు ఒకసారి తలుపు కొట్టండి, లోపల మనిషి ఉంది.