అత్తగారికి నచ్చని టైల్

శనివారం పొద్దున్న రికార్డు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు బయల్దేరాలి, పదింటికి షాపులో టైల్స్ తీసుకోవాలి, పన్నెండుకల్లా ఇంటికొచ్చి వంట చేసుకోవాలి.

మూడు వారాల కిందట వంటింటి గోడలో నీళ్ళ గొట్టం పగిలింది. ప్లంబర్ వచ్చి, పొయ్యి వెనకున్న పాత టైల్స్ అన్నీ సుత్తితో రాలగొట్టి, గొట్టం అతికించి, "గోడ సంగతి మేస్త్రీని అడగండి" అని చేతులు దులుపుకున్నాడు. ఎలాగూ పగిలింది కదా అని రికార్డు గారు గట్టూ, సింకూ కూడా మార్పించారు. మిగిలింది పొయ్యి వెనక రెండు బారల గోడ. ఆయన వంట చేస్తున్నంత సేపూ ఇటుకలు పళ్ళికిలించి చూస్తుండేవి. ఆ ఇంట్లో ఆయన మొహం చూసేవి అవే.

ఆఫీసులో మెట్ల కింద రికార్డు గది ఆయనది. కిటికీలోంచి చీటీ లోపలికి వస్తుంది, ఫైలు బయటికి వెళ్తుంది. ఆయన చేతుల్ని గుర్తుపట్టేవాళ్ళు ఆఫీసు నిండా ఉన్నారు. మొహాన్ని గుర్తుపట్టేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అందరికీ ఆయన రికార్డు గారే; అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, దాన్ని ఎవరూ కదపలేదు.

షాపులో ఆయన ముందు ఒక కుటుంబం ఉంది. భార్య నీలం అంటోంది, భర్త బూడిద రంగంటున్నాడు, ముసలావిడ కుర్చీలో కూర్చుని రెండూ దరిద్రంగా ఉన్నాయంటోంది. ముప్పావు గంట పోట్లాడుకుని, ఏదీ తేల్చకుండా, ఒకరి మీద ఒకరు చిరాకు పడుతూ ఒకే కారెక్కి వెళ్ళిపోయారు. రికార్డు గారు వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డారు.

"మీకేది ఇమ్మంటారు సార్?" అంది కౌంటర్ దగ్గరమ్మాయి.

ఆయన కళ్ళకు ఒక తెల్ల టైల్ అప్పటికే నచ్చింది. వేలు పెట్టి చూపిస్తే సరిపోయేది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇంట్లో అడిగి చెప్పాలమ్మా."

ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన్ని చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారు చివరగా అన్న మాట అది. ఇంకా అడుగుతూనే ఉన్నట్టున్నారు, కబురు రాలేదు. ఆ తర్వాత వేరే సంబంధమూ రాలేదు.

"మేడమ్ గారికి ఏ రంగిష్టం సార్?"

"తెలుపు."

"తెలుపైతే మరకలు కనిపిస్తాయండీ."

"మా అత్తగారూ అదే అంటారు!"

ఆ విధంగా అర నిమిషంలో ఆయనకు భార్య, అత్తగారు ఏర్పడ్డారు. అమ్మాయి నవ్వుతూ నాలుగు నమూనా టైల్స్ సంచిలో పెట్టి, "ఇంట్లో చూపించి పట్రండి" అంది.

ఆ నాలుగు టైల్స్‌నీ ఇటుకల మీద ఆనించి ఆయన ఒక్కరే చూశారు. మంగళవారం సాయంత్రం వాటిని షాపుకు మోసుకెళ్ళి, "పచ్చది చూడగానే మా అత్తగారు, 'అల్లుడుగారూ, ఇది వంటిల్లా, ఆసుపత్రా?' అన్నారమ్మా" అని చెప్పారు. అమ్మాయి పగలబడి నవ్వింది. పక్కన పెట్టెలు సర్దుతున్నాయన కూడా నవ్వాడు. తన మాటకు మనుషులు నవ్వి ఎన్నాళ్ళయిందో రికార్డు గారు లెక్క వేసుకోబోయి, మానేశారు.

గురువారం మళ్ళీ వెళ్ళారు. ఈసారి కూతురు పుట్టింది. పుట్టడమే ఇరవై రెండేళ్ళతో, నీలం రంగు మీద పట్టుదలతో పుట్టింది. శనివారానికి ఆ పిల్ల తిండి మానేసింది. ఎవరేమన్నారో తడబడకుండా ఉండాలని రికార్డు గారు ఒక ఫైలు తెరిచారు. వృత్తిధర్మం. ఒక్కొక్కరికీ ఒక పేజీ, తేదీ, అన్న మాట, కారణం. సాయంత్రాలు వంటింట్లో కూర్చుని మర్నాటి పోట్లాట రాసుకుంటుంటే పొద్దు తెలిసేది కాదు.

అక్కడ షాపు రెండు పార్టీలయింది. కౌంటర్ అమ్మాయి కూతురి పక్షం. పెట్టెలాయన మేడమ్ పక్షం. ఈ గొడవ చెవిన పడి యజమాని లోపలి గదిలోంచి బయటికొచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ భారీ మనిషి. విన్నంతా విని, "మీ అత్తగారి మాటే మాట. మరక కనపడని రంగే వంటింటికి మంచిది. ఆవిడ తెలివైన మనిషి" అని తీర్పు చెప్పి, "ఒకసారి అందర్నీ తీసుకురండి, నేను సర్దిచెప్తాను" అన్నాడు.

"అత్తగారికి మోకాళ్ళ నొప్పులండీ."

"అయితే నేనే మీ ఇంటికొస్తాను."

రికార్డు గారు తప్పించుకోవడానికి దొరికిన మొదటి గడ్డిపోచ పట్టుకున్నారు. "ఇప్పుడొద్దండీ. మా ఆవిడ అలిగి పుట్టింటికి వెళ్ళిపోయింది."

యజమాని నుదురు ముడిపడింది. "అత్తగారు మీ ఇంట్లోనే ఉన్నారన్నారుగా. మరి పుట్టింట్లో ఎవరున్నారు?"

"అత్తగారు కూడా వెళ్ళిపోయారండీ. పుట్టింట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా మరి."

"అమ్మాయి?"

"వాళ్ళమ్మను దిగబెట్టడానికి వెళ్ళింది."

"అంతా... టైల్ కోసమేనా?"

రికార్డు గారు తలూపారు. పెట్టెలాయన చేతిలో పెట్టె కింద పెట్టేశాడు. కౌంటర్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "ఇరవై ఆరేళ్ళుగా ఈ షాపు నడుపుతున్నాను. నా టైల్ వల్ల ఒక సంసారం విడిపోవడం ఇదే మొదలు" అన్నాడు యజమాని, గోడకు చేరబడి.

ఇక ఆ షాపు గడప తొక్కకూడదని రికార్డు గారు నిశ్చయించుకున్నారు. నాలుగు రోజులు తొక్కలేదు కూడా. ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికొచ్చి, గట్టు దగ్గర నిలబడి తిని, గిన్నె కడిగి బోర్లించారు. ఫైలు తెరిచారు గానీ ఆ ముగ్గురిలో ఎవరికీ మాట రాలేదు.

ఆదివారం పొద్దున్న పదిన్నరకు తలుపు చప్పుడైంది. బయట యజమాని. ఒక చేతిలో పళ్ళ బుట్ట, ఇంకో చేతిలో మూడు రంగుల టైల్స్, మూడంతస్తులు ఎక్కిన ఆయాసం. నమూనాలు పట్టుకెళ్ళేవాళ్ళ చిరునామా షాపు పుస్తకంలో రాసుకుంటారుట.

"ఫోన్ కలపండి. మీ ఆవిడతో నేను మాట్లాడతాను. తప్పు నాదని చెప్తాను. ముందు అత్తగారితో మాట్లాడితే నయమేమో."

"సిగ్నల్ ఉండదండీ అక్కడ."

"అయితే కారుంది, పదండి. ఎంత దూరమైనా సరే."

"మంచినీళ్ళు తాగండి ముందు" అని రికార్డు గారు గ్లాసు కోసం తిరిగారు. ఈలోగా ఆ పెద్దమనిషి టైల్స్ గోడకు ఆనించి చూద్దామని వంటింట్లోకి నడిచాడు. గట్టు మీద బోర్లించిన ఒక కంచం, ఒక గిన్నె, ఒక చెంచా ఉన్నాయి. పక్కన ఫైలు. 'అత్తగారు' అని ఉన్న పేజీ తెరిచే ఉంది. 'పదిహేడో తేదీ. పచ్చ వద్దన్నది. ఆసుపత్రి మాట బాగా పనిచేసింది, మళ్ళీ వాడరాదు.'

యజమాని ఆ పేజీ చదివాడు. భార్య పేజీ చదివాడు. కూతురి పేజీ తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చాడు. నీళ్ళ గ్లాసుతో గుమ్మంలో రికార్డు గారు కొయ్యబారిపోయారు.

"మేడమ్ లేరా?"

"లేరండీ."

"అమ్మాయి?"

"లేదండీ. ఎప్పుడూ లేరు. క్షమించాలి."

యజమాని గొంతు తగ్గింది. "అత్తగారు కూడా లేరా?"

రికార్డు గారు తల అడ్డంగా ఊపారు. అరుస్తాడనుకున్నారు, పళ్ళ బుట్ట తీసుకుని వెళ్ళిపోతాడనుకున్నారు. ఆ భారీ మనిషి మాత్రం వంటింట్లో ఉన్న ఒక్క కుర్చీలో, అయినవాళ్ళు పోయిన కబురు విన్నట్టు కూలబడ్డాడు.

"మా ఇంట్లో అయిదుగురం" అన్నాడు. "పోయినేడు వంటిల్లు కొత్తగా కట్టించాను. ఏ టైల్ వేద్దామని అడిగితే, 'మీ ఇష్టం' అన్నారు. అయిదు కంచాలు, అయిదు ఫోన్లు. 'ఉప్పు' అంటే ఉప్పు అందిస్తారు, అంతే. మొన్న మీ అత్తగారి ఆసుపత్రి మాట చెప్పాను. మా ఆవిడ నవ్వింది. పెద్దాడు ఫోన్ పక్కన పెట్టాడు. అప్పట్నుంచీ నేను గడపలో కాలు పెడితే చాలు, 'ఇవాళ ఆవిడేమంది?' అని అడుగుతున్నారు." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు నేనింటికెళ్ళి ఏం చెప్పను?"

రికార్డు గారు గ్లాసు గట్టు మీద పెట్టారు. గొంతు సవరించుకున్నారు.

"ఆవిడ... వాళ్ళూరు వెళ్ళాక కబురు చేశారండీ. 'గోడకేసే టైల్‌కే ఇంత రభసైతే, నేలకు వేసేటప్పుడు ముందుగా చెప్పండి అల్లుడుగారూ, ఊరొదిలి పోతాను' అని."

యజమాని మొహంలో మొదట ఏమీ కదల్లేదు. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత కుర్చీ కదిలింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, ఆ గ్లాసు నీళ్ళూ తాగి, జేబులోంచి పెన్ను తీసి, ఒక టైల్ వెనక ఆ మాట రాసుకున్నాడు.

"మా కౌంటర్ అమ్మాయికి మాత్రం చెప్పకండి" అన్నాడు. "మీ కూతురంటే దానికి ప్రాణం. సరే, ఇంతకీ మీకే రంగు కావాలి?"

"తెలుపండీ. మొదటి రోజు చూసిందే."

"మరి ఆ రోజే తీసుకుపోవచ్చుగా!"

"తీసుకుంటే మళ్ళీ రావడానికి పనేముంటుందండీ?"

యజమాని పళ్ళ బుట్టలోంచి ఒక పండు తీసి, ఒలిచి, సగం ఆయన చేతిలో పెట్టాడు.

బుధవారం మేస్త్రీ వచ్చి, నాలుగు గంటల్లో గోడంతా తెల్ల టైల్స్ పరిచి, సందులు పూడ్చి, తడిగుడ్డతో తుడిచి వెళ్ళాడు. ఇటుకలు కనుమరుగయ్యాయి. వంటిల్లు ఎంత శుభ్రంగా ఉందంటే, ఆ రాత్రి రికార్డు గారికి అక్కడ పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. బయట గదిలో కూర్చుని పండు తిన్నారు.

ఆదివారం పదిన్నరకు యజమాని పని చూడటానికి వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇదిగో, ఈ మూడో వరసలో గీత కొంచెం వంకరొచ్చింది."

రికార్డు గారు కూడా వంగి చూశారు. "అవునండీ. నాకూ అలాగే అనిపించింది."

"ఇలా వదిలేస్తే షాపుకు మాటొస్తుంది. వచ్చే ఆదివారం నేనే వచ్చి చూస్తాను. ఒక్కసారితో అయ్యేలా లేదు."

"తొందరేం లేదండీ" అని రికార్డు గారు టీకి నీళ్ళు పెట్టారు.

గీత దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది.