నల్లకారు పాలిష్, ఫ్రీ డెమో

ఆ ఆదివారం పొద్దున్న రామకృష్ణ పెట్టుకున్న ప్లాను చాలా చిన్నది. కారుకు మైనం పాలిష్ రాసి తళతళలాడించాలి. పదకొండింటికి పంజాగుట్ట వెళ్ళి రాజనర్సయ్యను ఎక్కించుకోవాలి. మధురానగర్‌లో తన ఇంటి మేడమీద హాలు చూపించి, అద్దెకు ఒప్పించాలి.

రాజనర్సయ్యకు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్ ఉంది. సాఫ్ట్‌వేర్ గాలి వీస్తున్న రోజులవి. మెట్ల కింద గూడు దొరికినా నాలుగు కుర్చీలు వేసి జావా చెప్పేస్తున్నారు. అలాంటి కాలంలో కూడా రామకృష్ణ హాలు దసరా నుంచి ఖాళీగా పడి ఉంది. ఇక ఆయన భార్య సీతామహాలక్ష్మి ముందురోజే తేల్చి చెప్పేసింది.

"ఈయన కూడా కాదంటే సోమవారం మా తమ్ముడు దిగుతాడండీ. వాడికీ హైదరాబాద్‌లో ఓ చోటు కావాలి కదా."

తమ్ముడంటే ప్రమోద్. భీమవరంలో వ్యాపారం వెనక వ్యాపారం పెట్టి, అన్నింటినీ ప్రశాంతంగా మూసినవాడు. పోయినసారి నాలుగు రోజులుంటానని వచ్చి, బావగారి లుంగీ కట్టుకుని, బావగారి వాలు కుర్చీలో కూర్చుని, బావగారి పేపరు బావగారి కన్నా ముందు చదువుతూ వేసవంతా గడిపేశాడు. అందుకే రామకృష్ణకు ఈ పాలిష్ చావుబతుకుల సమస్య అయింది.

"హాలుకు సున్నం కొట్టించకుండా కారుకు రాస్తారేంటండీ?" అంది సీతామహాలక్ష్మి.

"హాలు చూసేది తర్వాత సీతా. ముందు ఎక్కేది కారు. ఈ ఊళ్ళో కారును చూసే మనిషికి విలువ కడతారు."

పాలిష్ డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసి ఉంది. కళ్ళజోడు ఇంట్లో ఉంది. ఏముంటుందిలే, పూయడమే కదా అనుకున్నాడు. గేటు ముందు ఏప్రిల్ ఎండలో కారును నిలబెట్టి, దిబ్బరొట్టె వేసినంత మందంగా టాపు నుంచి బంపరు దాకా పూసేశాడు. మొత్తం పూశాక ఒకేసారి తుడిచేయొచ్చని ఆయన లెక్క. ఈలోగా ఉప్మా చల్లారిపోతోందని లోపల్నుంచి కేక వినిపించింది. వెళ్ళి, తిని, కాఫీ కూడా తాగి వచ్చేసరికి నల్లకారు ఒళ్ళంతా విభూతి పూసుకున్న స్వామీజీలా ఉంది. పాత తువ్వాలుతో రుద్దితే తువ్వాలు నూగు కారుకు అంటుకుంది గానీ తెలుపు కదల్లేదు.

పక్క హాస్టల్లోంచి గిడియన్ నోట్లో బ్రష్షుతో వచ్చాడు. ఒంగోలు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తున్న కుర్రాడు. ఎక్కడ లోపం కనపడినా అతని ముఖం వెలిగిపోతుంది.

"అంకుల్, తుడవకండి. ముందు ప్రాబ్లెం ఏంటో డిఫైన్ చేయాలి."

"కనపడుతూనే ఉందిగా నాయనా, తెల్లగా."

"అది సింప్టమ్ అంకుల్. రూట్ కాజ్ వేరే ఉంటది."

డోరు వైపు నీడ ఉండబట్టి అక్కడ మైనం ఇంకా మెత్తగానే ఉంది. గిడియన్ వేలితో ఒక గడి గీసి అందులో 'ఎండ' అని రాశాడు. తెలుపు మీద నల్ల గీత ముచ్చటగా పడింది. పడేసరికి అతనికి ఆగబుద్ధి కాలేదు. ఇంకో గడి, ఒక బాణం, మరో గడి. చూస్తుండగానే డోరంతా నిండిపోయింది.

ఎదురుగా ఇస్త్రీ బండి కనకయ్య ఇదంతా చూసి, చేతిలో బొగ్గుల పెట్టెతో రోడ్డు దాటాడు.

"గీ గీతలతోని ఏం గాదు సారూ. బట్ట మీద కొవ్వొత్తి మైనం పడితే నేనేం జేస్త? పేపర్ ఏసి ఇస్త్రీ పెట్టె పెడ్త. మైనమంత పేపర్ గుంజుకుంటది."

"ఇది బట్ట కాదు కనకయ్యా, కారు."

"మైనం మైనమే గద సారూ. ఫికర్ జెయ్యకుండ్రి, జర గోరువెచ్చగ పెడ్త."

ఆదివారం పేపర్లో ఉద్యోగ ప్రకటనల పేజీ తీసి బానెట్ మీద పరిచారు. కనకయ్య చొక్కాకు చేసినంత శ్రద్ధగా పెట్టె ఆడించి, పేపరు లేపాడు. మైనం పేపరుకు రాలేదు. పేపరే మైనానికి వచ్చింది. 'కావలెను', 'మూడేళ్ళ అనుభవం', 'వెంటనే సంప్రదించండి' అన్నీ అద్దంలో చూసినట్టు కుడిఎడమలై బానెట్ నిండా దిగాయి.

సీతామహాలక్ష్మి గేటు దగ్గర నిలబడి నెమ్మదిగా అడిగింది. "తమ్ముడికి ఫోన్ చేసేయనా?"

అది ఆదివారాలు ఆలస్యంగా లేచే హాస్టళ్ళ కుర్రాళ్ళు టిఫిన్లకు బయల్దేరే వేళ. అమీర్‌పేట చుట్టుపక్కల ఒక అలవాటు ఉంది. ఎక్కడైనా ఒకడు గడులు గీసి వివరిస్తుంటే, అది ఫ్రీ డెమో క్లాసని అర్థం. ఏ కోర్సని ఎవరూ అడగరు. ముందు నిలబడతారు, నచ్చితే చేరతారు. ఇక్కడ డోరు మీద గడులున్నాయి, బానెట్ మీద ఉద్యోగాలున్నాయి. కాసేపట్లో వీధి నిండిపోయింది.

"అన్నా, గిదేం కోర్సు?"

"తెల్వదు గానీ ఓపెనింగ్స్ సుత పెట్టిండ్రు చూడు."

ముందు వరసలో ఒక అమ్మాయి పెన్ను తీసింది. "సార్, బేసిక్స్ నుంచి చెప్తారా?"

రామకృష్ణకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. "బేసిక్సా? చెప్తా రాసుకోండి. మొదటి తప్పు, ఎండలో పెట్టడం. రెండో తప్పు, దిబ్బరొట్టెలా పూయడం. మూడో తప్పు, కొంచెం రాసి అక్కడికక్కడే తుడుచుకోకుండా ఉప్మా తినడానికి పోవడం."

అందరూ రాసుకున్నారు.

"సార్, ఉప్మా ఆప్షనలా?" అని వెనక నుంచి డౌటు వచ్చింది.

ఈలోగా సీతామహాలక్ష్మి కళ్ళజోడు తెచ్చి, డబ్బా తిప్పి చదివింది. "ఎండిపోతే నీడలో పెట్టి, ఇదే పాలిష్ పల్చగా మళ్ళీ రాయాలట. పాతది మెత్తబడుతుందట, వెంటనే తుడిచేయాలట. ఇక్కడే రాసుంది మహానుభావా."

కారును అందరూ కలిసి ప్రహరీ నీడలోకి నెట్టారు. రామకృష్ణ వెనక డోరు పక్కన చేటంత మేర రాసి తుడిచాడు. తెలుపు పోయి నల్లగా మెరిసింది. వీధంతా చప్పట్లు కొట్టింది. సరిగ్గా అప్పుడే ఆటోలోంచి రాజనర్సయ్య దిగాడు.

పంజాగుట్ట చౌరస్తాలో పదకొండింటి నుంచి నిలబడి నిలబడి ఆయనకు మాడు కాలిపోయింది. తిట్టడానికి నోరు తెరిచి, జనాన్ని చూసి మూసుకున్నాడు. రామకృష్ణ చెయ్యి పట్టి పక్కకు గుంజాడు.

"హాలు ఇంకో పార్టీకి ఇచ్చినవా భాయ్?"

"లేదండీ, ఇది కారు..."

"నా దగ్గర దాచకు. నేను బ్యానర్లు కట్టి సమోసాలు పెడితే సుత గింత మంది రాలే. ఏం చెప్తున్నవ్ వీళ్ళకు?"

"పాలిష్‌లో వచ్చే ప్రాబ్లెమ్స్ అండీ."

"ట్రబుల్‌షూటింగ్. మస్తు డిమాండుంటది. ఎన్నేండ్ల నుంచి చెప్తున్నవ్?"

"పొద్దున్నుంచి."

"బోర్డు మీద మూడేండ్లని రాస్తం. హాలు నాది, ఇయాల్టి నుంచి నువ్వు నా ఫ్యాకల్టీ."

రామకృష్ణకు వాలు కుర్చీ, పేపరు, లుంగీ ఒక్కసారిగా కళ్ళముందు మెదిలాయి. గండం గడిచింది. కానీ రాజనర్సయ్య మాట ఇంకా అయిపోలేదు.

"ఒక్కటే తక్కువ. కౌంటర్ల కూసునేటోడు గావాలె. పని రాకున్నా నడుస్తది. పొద్దంత కదలకుండ కూసోని, తియ్యగ మాట్లాడితే చాలు."

"అచ్చం అలాంటివాడు మా తమ్ముడున్నాడండీ," అంది సీతామహాలక్ష్మి.

సోమవారం ప్రమోద్ దిగాడు. మేడమీద బ్యాచ్‌లు నడుస్తున్నాయి గనక, కింద బావగారి గదిలోనే సర్దుకున్నాడు. కౌంటర్ ఇన్‌ఛార్జి హోదాలో మొదటి ఆర్డరు కూడా వేశాడు. సిలబస్ పూర్తయ్యేదాకా కారును ఎవరూ తుడవకూడదట. రామకృష్ణ బస్సులో తిరుగుతున్నాడు.

సిలబస్‌లో ఉప్మా కంపల్సరీ.