మోచేతికి అయిదు ఆటలు

ఆ ఉదయం టొరొంటోలో మంచు దట్టంగా కురిసింది. ఐస్ హాకీ లీగ్ క్రమశిక్షణాధికారి మర్రే కొవల్చుక్ తలుపు తీసేసరికి, ఆయన మెట్ల మీది మంచును పక్కింటావిడ అప్పటికే ఎత్తిపోసింది. అంత మంచిగా మొదలైన రోజున ఆయన అనుకున్న పని ఒక్కటే: రస్ ఫెడోరుక్ మీద తీర్పు ప్రకటించి, పెందలాడే ఇంటికి వచ్చి వేడివేడి సూపు తాగడం.

రస్ నాలుగో వరుస ఆటగాడు, అంటే ఎక్కువసేపు బెంచీ మీదే కూర్చునేవాడు. పదేళ్లుగా దెబ్బలు తింటున్నా ప్లేఆఫ్ ముఖం చూడలేదు. ఈ శనివారం తొలిసారి చూడబోతుండగా, మొన్న ఎదుటివాడి తలకు మోచెయ్యి తగిలించాడు. శిక్ష అయిదు ఆటల నిషేధం. ప్లేఆఫ్ ఆశ వదులుకోవలసిందే.

తీర్పును వీడియోగా విడుదల చేయడం లీగ్ ఆచారం. దెబ్బ దృశ్యం, దానిమీద మర్రే గొంతు. ఒకసారి ఫిన్లండ్ ఆటగాడి పేరు తప్పుగా పలికి చీవాట్లు తిన్నాక, ఆయన ఎవరినైనా "ఈ ఆటగాడు" అనే అంటాడు. వీడియోలు కూర్చే నోరీన్ ఆ గొంతు విని, మోచేతి దెబ్బ దృశ్యం ఒకటి వెతికి, చొక్కా వీపు మీది పేరు చూసి టైపు చేసి, విడుదల చేసింది.

ఆ చొక్కా బ్రేడన్ లాంగెవిన్‌ది. లీగ్‌లో అతన్ని మించిన తార లేడు. గతవారం అచ్చం అలాంటి దెబ్బే కొట్టి జరిమానాతో బయటపడ్డాడు.

"అమ్మాయ్, ఎవరి బొమ్మ పెట్టావో చూశావా?" అన్నాడు మర్రే.

"ఇప్పుడే చూశాను సార్. ఎవరూ కనిపెట్టలేదు. మాటలన్నీ అతికినట్టు సరిపోయాయి."

"అదే కదా నా ఏడుపు!"

ఈలోగా, అంత తారకూ శిక్ష పడిందని మురిసిపోయిన అభిమానులు ఆఫీసు గుమ్మంలో డోనట్ల పెట్టెలు పేర్చారు. లీగ్ అధ్యక్షుడు ఫోన్ చేసి, "శభాష్ మర్రే! పెద్దవాణ్ణి పట్టుకున్నావయ్యా!" అని, నిజం చెప్పేలోపే పెట్టేశాడు.

తర్వాత లాంగెవిన్ లాయరు విట్‌కాంబ్ ఒంటినిండా మంచుతో దూసుకొచ్చాడు.

"దీనికి అయిదు ఆటలా? ఘోరం! కాళ్లు మంచు వదల్లేదు, కర్ర కిందనే ఉంది. ఇలాంటిదానికి జరిమానా మించి ఎవరికీ వెయ్యకూడదు!"

"ఎవరికీనా?"

"ఎవరికీ! తారైనా, బెంచీ మీదివాడైనా న్యాయం ఒకటే కదండీ!"

మర్రే మెల్లగా రస్ దృశ్యం తిప్పాడు. "మరి ఇదో?"

"ఇదీ అంతే. ఇంకా మెత్తగా ఉంది. జరిమానా చాలు."

"ఈ మాట మీద నిలబడతారా?"

"ఏ కోర్టులోనైనా!"

"అక్కర్లేదు, ఇక్కడ చాలు," అని మర్రే అతనికో డోనట్ అందించాడు.

మధ్యాహ్నానికి కొత్త తీర్పు వచ్చింది. పొద్దున్నది పొరపాటు; ఇద్దరి దెబ్బా ఒకటే, ఇద్దరికీ జరిమానా ఒకటే. మర్రే స్వయంగా రస్‌కు ఫోన్ చేశాడు.

"నిజంగా ఆడొచ్చా సార్?" అన్నాడు రస్.

"ఆడు నాయనా. మోచేతులు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లు."

"అవి లేకపోతే నన్ను జట్టులో ఎవరు ఉంచుకుంటారు సార్?"

శనివారం చివరి నిమిషంలో పక్, ఆ నల్లటి రబ్బరు బిళ్ల, రస్ పిరుదుకు తగిలి ఎదుటి జట్టు గోలు వలలో పడింది. జట్టు గెలిచింది, స్టేడియం లేచి నిలబడింది, రస్ మంచు మీదే కూలబడి ఏడ్చాడు. మర్రే ఆ దృశ్యాన్ని అన్ని కోణాల నుంచీ చూశాడు; శిక్షించదగ్గది ఏమీ కనిపించలేదు.